విమానాల క్యాలెండర్లో అడ్డాకులప్ప

పోయిన వారం మా మరిది ఇంట్లో ఒక పుస్తకంలోంచి పేజీ చింపేశాను.

మరిదంటే మా మామయ్య కొడుకు, విశాఖపట్నంలో ఉంటాడు. ఆ పుస్తకం కూడా చిన్నాచితకా పుస్తకం కాదు, ఒళ్ళో పెట్టుకుంటే మోకాళ్ళు నొప్పెట్టేంత బరువు. మన దేశం నుంచి మొట్టమొదట సముద్రాలు దాటి వెళ్ళిన విమానాల కంపెనీ చరిత్రట. చరిత్రంతా ఫోటోల్లోనే ఉంటుంది, చదవడానికి పెద్దగా ఏమీ ఉండదు. మామయ్య ఆ కంపెనీలోనే పనిచేసి రిటైరయ్యాడు. ఆయన పోయాక, ఆయన జ్ఞాపకంగా ఉంటుందని మరిది అపురూపంగా తెప్పించుకున్నాడు. "చూస్తూ ఉండు వదినా, కాఫీ తెస్తాను" అని నా ఒళ్ళో పెట్టి లోపలికి వెళ్ళాడు. కాఫీ తెచ్చేసరికి పేజీ నా చేతిలో ఉంది.

అప్పట్నుంచీ చుట్టాలందరికీ ఫోన్లే ఫోన్లు. షుగర్ తగ్గి ఉంటుందని ఒకరు, వయసు మీద పడిందని ఒకరు. జన్మంతా బళ్ళో పాఠాలు చెప్పి, పుస్తకం చిరిగితే పిల్లల చెవి మెలేసిన పంతులమ్మకి ఇదేం పోయేకాలం అని ఇంకొకరు. నాకేమీ కాలేదు. కోపం వచ్చింది, అంతే. అరికాలి మంట నెత్తికెక్కింది. ఎందుకెక్కిందో ఒక్కరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను.

పుస్తకం మొదట్లో గుడ్డ రెక్కల విమానాలు, కళ్ళజోళ్ళు నెత్తికెక్కించుకున్న పైలట్లు. తర్వాత కోటుబూట్ల మంత్రులు, మెట్లు దిగుతున్న మహారాణులు, పట్టుచీరలు కట్టుకుని ట్రేలు పట్టుకున్న అమ్మాయిలు. ప్రతి ఫోటో కిందా పేర్లున్నాయి. ఎడమ నుంచి కుడికి ఫలానా, ఫలానా. ఒక మహారాణిగారి చంకలో ఉన్న కుక్కపిల్లకి కూడా పేరు రాశారు. ఇంకో పేజీ తిప్పాను. అంచులదాకా పసుపుపచ్చటి వలిసె పూలు. వాటి మధ్యలో నెత్తిమీద ఆకుల మోపుతో, రవిక లేని భుజాలతో, కళ్ళు చికిలించి నవ్వుతూ మా అడ్డాకులప్ప. కింద 'తూర్పు కనుమల అమాయక సౌందర్యం' అని రాసుంది.

నేను నర్సీపట్నంలో అమ్మమ్మగారింట్లో పెరిగాను. మా నాన్నది ఊళ్ళు తిరిగే ఉద్యోగం, చదువు పాడవుతుందని నన్ను అక్కడ వదిలేశారు. ఆ ఇంటికి ఒక వాసన ఉండేది. పెరటి వసారాలో తడిగోనె కింద విస్తళ్ళు కుట్టే అడ్డాకుల మోపు, పక్కనే కొత్త చింతపండు బుట్ట, మూలన కొండచీపుళ్ళు. చలికాలం వస్తే ఆ వాసనకి ఉప్పువేసి ఉడకబెట్టిన కందికాయల ఆవిరి, నిప్పుల మీద కాల్చిన తేగల కమురు కూడా తోడయ్యేవి. ఇప్పుడు ఆ ఇల్లు లేదు, దాని స్థానంలో సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఏసీ వాసన తప్ప మరే వాసనా రాదు.

డిసెంబరు చివర మామయ్య బొంబాయి నుంచి దిగేవాడు. అమ్మమ్మకి ఒక్కగానొక్క కొడుకు. విమానాల కంపెనీలో పని అనగానే ఊరంతా ఆయనే విమానం నడుపుతాడనుకునేది. ఆయన కాదనేవాడు కాదు. నిజానికి ఆయనది ప్రచారం ఆఫీసులో ఉద్యోగం. పెట్టె తెరిస్తే సెంటు వాసన కొట్టే తడి కాగితాలు, బుల్లి బుల్లి పంచదార పొట్లాలు, విమానం బొమ్మ ఉన్న ప్లాస్టిక్ చెంచాలు. ఒక ఏడాది, లోపలివైపు మైనం పూసిన తెల్లటి కాగితం సంచుల కట్ట తెచ్చాడు. చక్కగా ఉన్నాయని అమ్మమ్మ దాచి, శ్రావణమాసం పేరంటానికి వచ్చిన ముత్తయిదువలందరికీ వాటిల్లో శనగలు, తాంబూలం పెట్టి ఇచ్చింది. మళ్ళీ డిసెంబర్లో మామయ్య వచ్చి విని పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అమ్మా, అవి విమానంలో వాంతి చేసుకునే సంచులే!"

"ఎవరూ చేసుకోలేదు కదా, నోరు ముయ్యి" అంది అమ్మమ్మ. ఆవిడ దేనికీ బెదిరే మనిషి కాదు.

ఇక ఊళ్ళో అందరూ ఎదురుచూసేది క్యాలెండర్ల కోసం. అవి చుట్టలు చుట్టి పొడుగు డబ్బాలో వచ్చేవి. గోడంత బొమ్మ, కింద చిన్నగా నెలల కాగితాలు. ఆ కాగితం నునుపు, ఆ రంగులు మా ఊరి దుకాణాల క్యాలెండర్లకి ఉండేవి కావు. డాక్టరుగారు, ప్లీడరుగారు, బ్యాంకు మేనేజరుగారు, హెడ్మిస్ట్రెస్‌గారు, ఇలా ఎవరెవరికి ఇవ్వాలో అమ్మమ్మ ముందే చెప్పి ఉంచేది. దొరకనివాళ్ళు మొహం మాడ్చుకునేవాళ్ళు. కొత్త క్యాలెండరు గోడకెక్కగానే నాలుగు మూలలా పసుపు అద్దడం మావైపు ఇళ్ళలో అలవాటు. అమ్మమ్మ ఇంకో అడుగు ముందుకు వేసేది. బొమ్మలో ఆడమనిషి ఉంటే, దేవతైనా సబ్బుల కంపెనీ సుందరైనా సరే, నుదుట కుంకుమ బొట్టు పెట్టి గానీ వదిలేది కాదు.

అడ్డాకులప్ప చింతపల్లి కొండల్లోంచి వచ్చేది. మావైపు అక్కని అప్ప అంటారు. అడ్డాకులు తెచ్చేది కాబట్టి ఊరందరికీ అడ్డాకులప్పే. చింతపల్లి బస్సు దిగి, మోపు నెత్తినెట్టుకుని, వీధి గుమ్మం వైపు చూడకుండా సందులోంచి పెరట్లోకి వచ్చేది. "అమ్మగోరూ, ఆకులట్టుకొచ్చీసినాను" అని కేక వేసేది. దాహమేస్తే దోసిలి పట్టేది, అమ్మమ్మ పైనుంచి నీళ్ళు పోసేది. ఆకలేస్తే తను తెచ్చిన ఆకులోనే చద్దన్నం, బెల్లం ఆవకాయ. వెళ్ళాక ఆవిడ కూర్చున్న చోట నీళ్ళు చల్లేవాళ్ళు. ఆ రోజుల్లో ఎవరికీ అది తప్పుగా తోచలేదు. అందరూ మంచివాళ్ళే. ఇప్పుడు తలుచుకుంటే ఆ మంచితనం మీదే నాకు ఎక్కువ మంట.

ఆవిడ కూతురు, నేను ఒకే బెంచీ. గిరిజన బాలికల హాస్టల్లో ఉండి మా బళ్ళోనే చదివేది. వాళ్ళ ఊళ్ళో టెన్తు దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. లెక్కలంటే దానికి ఆట. ఆదివారం మా పెరటి వసారాలో కూర్చుని అమ్మమ్మకి విస్తళ్ళు కుట్టిపెట్టేది. ఆకు మీద ఆకు వేసి, ఈనెపుల్లతో కుట్టి, కొస తుంపేసే పని చూస్తుండగానే అయిపోయేది. నేను కుడితే విస్తరి చిల్లుల జల్లెడలా ఉండేది. అది నవ్వి, నా కుట్టు విప్పి, మళ్ళీ కుట్టేది. పనయ్యాక మామయ్య పంచదార పొట్లాలు ఇద్దరం దొంగతనంగా చింపి, కొత్త చింతపండులో అద్దుకుని నాకేవాళ్ళం. పళ్ళు పులిసిపోయి రెండ్రోజులు అన్నం తినలేకపోయేవాళ్ళం.

"టెన్తు పాసైతే నర్సు ట్రైనింగు ఎల్తానే. మా ఊళ్ళో పురుడొస్తే డోలీ కట్టి మోసుకురావాల, దారిలోనే పోతారు" అనేది. కొండ మీది దారుల సంగతి నాకేం తెలుసు. పదిహేనేళ్ళ పిల్ల అలా మాట్లాడితే నాకు పెద్దమనిషితో కూర్చున్నట్టుండేది.

మేం తొమ్మిదిలో ఉండగా, చలికాలంలో, మామయ్య ఒంటరిగా రాలేదు. కెమెరా పెట్టెలతో ఇద్దరు బొంబాయి మనుషుల్ని జీపులో వెంటబెట్టుకొచ్చాడు. కంపెనీ క్యాలెండరుకి కొత్త బొమ్మ కావాలట. తాజ్‌మహళ్ళు, ఏనుగులు చూసి చూసి విదేశాల వాళ్ళకి విసుగొచ్చిందట. మా ఊరి పైన కొండల్లో వలిసె పూలుంటాయని మామయ్య చెప్పాడట. అమ్మమ్మ వాళ్ళకి పనసపొట్టు కూర, పులిహోర చేసి అడ్డాకు విస్తళ్ళలో వడ్డించింది. తింటూ తింటూ ఒకాయన పెరట్లోకి చూశాడు. అప్ప మోపు దించి నీళ్ళు తాగుతోంది. ఆయన మామయ్య మోచేతి మీద తట్టి ఇంగ్లీషులో ఏదో అన్నాడు.

"ఏమే, వీళ్ళు నీకో ఫోటో తీస్తారట. జీపులో మీ ఊళ్ళోనే దింపేస్తాం" అన్నాడు మామయ్య.

"ఎందుకు బాబూ? లోనుకేటి?"

"లోనూ లేదు, గీనూ లేదు. సరదాకి."

బస్సు దిగాక కొండెక్కే నడక తప్పుతుందని ఆవిడ సరేనంది. జీపులో వెనక కూర్చుని నాకేసి చెయ్యి ఊపింది. అంతవరకే నాకు తెలుసు. పైన ఏం జరిగిందో చాలా రోజుల తర్వాత ఆవిడ నోటే విన్నాను.

మళ్ళీ డిసెంబరు వచ్చింది. మేం టెన్తులో ఉన్నాం. మామయ్య డబ్బా మూత తీసి చుట్ట విప్పగానే ఇల్లంతా అచ్చు సిరా వాసన. "చూడు, ఎవరో పోల్చు!" అన్నాడు నాతో. నేను కెవ్వుమన్నాను. ఎంత బాగుందో! ఆ పసుపు, ఆ నవ్వు. మా అప్ప అంత అందగత్తె అని నాకప్పటిదాకా తోచనే లేదు. అమ్మమ్మ కళ్ళకి శుక్లాలు. హాల్లో గోడకెక్కించి, మూలలకి పసుపు అద్ది, వేలితో తడిమి నుదుట కుంకుమ పెట్టింది. "వనదేవత కాబోలు, కళగా ఉంది" అంది. నాలుగు రోజుల తర్వాత ఆ కళ గల మనిషి పెరట్లోకొచ్చి ఆకులు దించి, దోసిలి పట్టింది. ముందు హాల్లో ఆవిడకి బొట్టు. వెనక పెరట్లో ఆవిడ కూర్చున్న చోట నీళ్ళు. నాకు ఆ వయసులోనే ఎక్కడో కలుక్కుమంది. నోరు తెరిచి అమ్మమ్మతో అనడానికి మాత్రం రాలేదు.

ఊళ్ళో ఇంటింటా ఆవిడే. మంగలి షాపులో ఆవిడే, మిఠాయి కొట్లో ఆవిడే. నా మాట నమ్మండి, ఆ బొమ్మలో తప్పుడుతనం ఏమీ లేదు. చీర చెరగు భుజం మీద ముడివేసి ఉంది, కొండల్లో వాళ్ళమ్మలూ అమ్మమ్మలూ కట్టుకున్న తీరే. తప్పుడుతనమంతా చూసే కళ్ళలో ఉంది. చింతపల్లి బస్సు కండక్టరు "క్యాలెండరమ్మకి టిక్కెట్టెందుకు, ఇమానంలో రమ్మనండి" అనేవాడట, బస్సంతా నవ్వేదట. హాస్టలు గేటు దగ్గర కాలేజీ వెధవలు కాపు కాసి, "అమ్మకి రవికగుడ్డ కొనిపెట్టమంటావా?" అని అప్ప కూతుర్ని అడిగేవాళ్ళు. అది తలొంచుకుని నడిచేది. నేను ఒకసారి రాయి విసిరాను. తగల్లేదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అసలు ఘనకార్యం మా సోషల్ టీచరుగారు చేశారు. ఆవిడ మనసు వెన్న, అందులో అనుమానం లేదు. హెడ్మిస్ట్రెస్ గదిలోని క్యాలెండరు తెచ్చి మా క్లాసు గోడకి తగిలించి, అప్ప కూతుర్ని లేపి పక్కన నిలబెట్టారు.

"చూడండర్రా, మన స్నేహితురాలి తల్లి. ఇవాళ లండను, పారిస్ అన్నీ తిరుగుతోంది. మన నర్సీపట్నానికి ఎంత గర్వకారణం! చప్పట్లు కొట్టండి."

కొట్టాం. అందరం కొట్టాం. వెనక బెంచీలోంచి కిసుక్కుమని నవ్వు వినపడింది. అది కళ్ళెత్తలేదు. మర్నాడు నా పక్కన ఎవరూ లేరు. హాస్టల్లో పెట్టె కూడా లేదన్నారు. పరీక్ష ఫీజు కట్టేశారు, ఇంకా రెండు నెలల్లో పబ్లిక్ పరీక్షలు.

వారం తిరక్కుండా అప్ప వచ్చింది. నెత్తిన మోపు లేదు. సందులోకి తిరగలేదు. వీధి మెట్లెక్కి, గుమ్మం దాటి, తిన్నగా మా హాల్లోకి వచ్చి గోడ ముందు నిలబడింది. తన బొమ్మని తను చూడడం అదే మొదలు. చాలాసేపు చూసింది. అమ్మమ్మ వంటింట్లోంచి వచ్చి బొమ్మలా నిలబడిపోయింది.

"ఇదేటి అమ్మగోరూ, నాకు బొట్టెట్టినారా?"

"ఎవరే... నువ్వా అది?" అంది అమ్మమ్మ, బొమ్మకేసి, మనిషికేసి మార్చి మార్చి చూస్తూ.

"నానే. నా గుంట బడికి రానంటంది. నీ మొకం ఊరంతా ఏలాడతాంటే నానెలా ఎల్తానే అమ్మా అని ఏడుస్తంది. నాకేటి సిగ్గు లేదు. మాయమ్మ ఇలాగే కట్టింది, నాను ఇలాగే కట్టినాను. దానికి సిగ్గయిపోనాది. ఇయ్యన్నీ తీసీసినాక వొస్తాదంట. నా మొకం నాకిచ్చీండి."

అమ్మమ్మ స్టూలెక్కి మేకు నుంచి క్యాలెండరు తీసి, చెంగుతో ఆ కుంకుమ, పసుపు తుడిచి, చుట్టచుట్టింది. ఇచ్చేటప్పుడు మాత్రం చేతులు తగలకుండా పైనుంచి వదిలింది. అలవాటు మరి. అప్ప పట్టుకుంది.

ఎవరెవరి ఇళ్ళలో ఉన్నాయో అమ్మమ్మ గుర్తు తెచ్చుకుని చెప్పింది, దారి చూపించడానికి నేను వెళ్ళాను. డాక్టరుగారమ్మ అడగ్గానే ఇచ్చేసింది, ఒక పాత చీర కూడా ఇవ్వబోతే అప్ప తీసుకోలేదు. మిఠాయి కొట్టు ఆయన "మా గోడ బోసిపోతుందే" అని గొణుక్కుంటూ తీశాడు. ప్లీడరుగారు కుర్చీలోంచి లేవకుండా, గోడమీది బొమ్మని, ఎదురుగా ఉన్న మనిషిని చూసి, "అది నువ్వేనని రుజువేమిటి?" అన్నారు. అంత చదువు చదివి ఆ మాట అన్నారు. మేం బయటికొచ్చేస్తుంటే ఆయన భార్య పెరటి గుమ్మంలోంచి పిలిచి, చెంగు చాటున తెచ్చిన చుట్ట చేతిలో పెట్టి తలుపేసుకుంది. ఆయన భోజనానికి లేచినప్పుడు తీసిందట.

మంగలి షాపు దగ్గర కష్టమైంది. అతను నెలల కాగితాలు కత్తిరించేసి, బొమ్మకి అద్దం కట్టించాడు. "గిరాకీ పెరిగింది దీనివల్ల. ఇవ్వను, ఎల్లండి" అన్నాడు. అప్ప గొడవ పడలేదు. షాపు మెట్టు మీద కూర్చుంది. గడ్డం గీయించుకుందామని వచ్చినవాడు ఆవిణ్ణి చూసేవాడు, లోపల బొమ్మని చూసేవాడు, మళ్ళీ వస్తానని జారుకునేవాడు. ఆవిడ ఎవర్నీ ఏమీ అనలేదు, ఊరికే మొహంలోకి చూసేది. సాయంత్రానికి మంగలి చేతులు జోడించి, అద్దం పగలగొట్టి బొమ్మ ఇచ్చాడు. ఆవిడ నవ్వడం ఆ రోజు అప్పుడొక్కసారే చూశాను.

ఇలా మళ్ళీ మళ్ళీ వచ్చి, ఊళ్ళో ఉన్నవన్నీ తీయించింది. కోటవురట్లలో ఒక మేష్టారింట్లో ఉందంటే అక్కడికీ వెళ్ళి తెచ్చింది. బళ్ళో హెడ్మిస్ట్రెస్‌గారు "ఇంత రాద్ధాంతం దేనికి" అంటూనే ఇచ్చారు. ఒక్కటీ లేదు. నేను సందు సందూ తిరిగి చూశాను, నిజంగా ఒక్కటీ లేదు.

పరీక్షలు దగ్గరపడ్డాయి. ఒక పొద్దున అప్ప కూతుర్ని వెంటబెట్టుకుని మా పెరట్లోకి వచ్చింది. దాని నెత్తిన రేకు పెట్టె. దాన్ని చూసి నేను ఎగిరి గంతేశాను. హాస్టలుకి వెళ్ళేముందు అమ్మమ్మకి చెప్పి పోదామని వచ్చారు. సరిగ్గా ఆ పొద్దున్నే మామయ్య కూడా దిగి ఉన్నాడు, ఎవరిదో పెళ్ళికి. వసారాలో కాఫీ తాగుతున్నాడు.

"ఏమే, నీ కోసమే అడుగుదామనుకుంటున్నాను!" అన్నాడు ఉత్సాహంగా. "నీ బొమ్మ ఎంత హిట్టయిందో తెలుసా?"

"అన్నీ తీసీసినాను బాబూ" అంది అప్ప. "ఊళ్ళో ఇంకొకటి లేదు. గుంట పరీచ్చ రాస్తాది."

మామయ్యకి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక పకపకా నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, ముద్దు నవ్వు. అదే నాకు ఎక్కువ ఒళ్ళు మండే సంగతి.

"పిచ్చిదానా! ఇక్కడ గుప్పెడు తీస్తే ఏమవుతుందే? లండన్లో మా ఆఫీసు అద్దాల నిండా నువ్వే. న్యూయార్కులో నువ్వే, టోక్యోలో నువ్వే. లక్షల్లో అచ్చేశారు. ఈసారి పోస్టరు కూడా వేస్తున్నారు!"

అప్ప మెట్టు మీద కూలబడింది. ఆవిడ అనుకున్నది ఏమిటంటే, డబ్బాలో ఎన్ని వచ్చాయో అన్నే ఉంటాయని. మనిషి ఉన్నచోటే మనిషి బొమ్మ ఉంటుందని. ఇన్నాళ్ళూ వీధులు తిరిగింది ఆ లెక్కనే.

"అక్కడ ఎవులు తీస్తారు బాబూ?" అంది.

"తియ్యడం ఏమిటి, ఎవరైనా గర్వపడతారు గానీ..." అని నసిగాడు మామయ్య.

"రవిక ఏసుకోకండా వొస్తే మీ ఈదిలోకి రానివ్వరని, నాను బస్సెక్కినప్పుడల్లా తొడుక్కుని వొస్తాను. ఆ పొద్దు పూలకాడ మీరే కదా బాబూ సెప్పినారు, ఆల్లకి రవిక వొద్దంట, ఇప్పీమని. పెద్దోల్లు కదా అని నానొప్పుకున్నాను. మీ ఈదికి రవిక కావాల, మీ పోటోకి వొద్దు. నానేటి సేసేది?"

అమ్మమ్మ కొడుకు వైపు తిరిగింది. "నువ్వు చెప్పావట్రా ఆ మాట?" అంది. మామయ్య "అది ఆర్టమ్మా, నీకు తెలీదు" అన్నాడు. "ఛీ, లే ఇక్కణ్ణించి" అంది అమ్మమ్మ. కొడుకుని ఆవిడ అలా అనడం మేమెవరమూ వినలేదు. మామయ్య లేచి వెళ్ళిపోయాడు, పెళ్ళికి. అంతే జరిగింది ఆయనకి.

దాని మొహం నేను చూస్తూనే ఉన్నాను. ఏడవలేదు. పెట్టె మళ్ళీ నెత్తినెట్టుకుంది.

"ఎక్కడికే?" అన్నాను.

"ఎల్లిపోతన్నానే."

"పరీక్షలు నాలుగు రోజులే కదే. మా ఇంట్లో ఉండు. హాలుకి నేను తీసుకెళ్తాను, ఎవడైనా కూస్తే..."

"నర్సు ట్రైనింగని ఇశాపట్నం ఎల్తాననుకో. అక్కడా ఉంటాది కదే" అంది.

వాళ్ళిద్దరూ సందులోంచి కాకుండా, వీధి గుమ్మంలోంచే వెళ్ళారు. ఎవరూ అడ్డు చెప్పలేదు. పరీక్ష హాల్లో నా ముందు బల్ల మీద సుద్దతో దాని నెంబరు రాసి ఉంది. లెక్కల పరీక్ష రోజున ఆ ఖాళీ బల్ల చూస్తూ సగం పేపరు వదిలేశాను. నాకు అత్తెసరు మార్కులొచ్చాయి. అది రాసి ఉంటే దానికి జిల్లాలో పేరొచ్చేది. ఈ మాట ఇన్నేళ్ళ తర్వాత కూడా అరిచి చెప్పాలనిపిస్తుంది, ఎవరికి చెప్పాలో తెలీదు. ఆ తర్వాత అడ్డాకులు వేరే ఎవరో తెచ్చేవారు. అమ్మమ్మ కొత్త క్యాలెండరు మళ్ళీ హాల్లో పెట్టనివ్వలేదు.

నాకు పెళ్ళయి, ఇద్దరు పిల్లలు పుట్టాక, ఒకసారి నర్సీపట్నం బస్టాండులో వెనక నుంచి ఎవరో నా భుజం మీద చెయ్యి వేశారు. అదే, అప్ప కూతురు. జుట్టు అప్పుడే నెరిసింది. మిరియాల మూటలు అమ్ముకోవడానికి వచ్చింది. ఇద్దరం సిమెంటు బల్ల మీద కూర్చుని వేయించిన పల్లీలు తిన్నాం. దాని మొదటి కాన్పు డోలీలోనే అయిందట, బిడ్డ దక్కలేదట. అలా చెప్పేసి పల్లీ తొక్క ఊదింది. నేను తల తిప్పుకున్నాను.

"అమ్మెలా ఉంది?"

"పోనాది. పోయే ముందర కూడా అడిగిందే, ఇంకా ఎక్కడైనా ఏలాడతన్నానేటే అని." నాకేసి తిరిగింది. "నువ్వు సదువుకున్నదానివి, ఊళ్ళు తిరుగుతావు. నిజం సెప్పు. ఉందా ఇంకా?"

"లేదే" అన్నాను. "కాగితమే కదా. ఏడాది తిరిగితే ఎవరుంచుకుంటారు? ఎప్పుడో చెదలు తినేసి ఉంటాయి. ఎక్కడా లేదు."

నిజంగా అలాగే అనుకున్నాను. ఒట్టు, అబద్ధం చెప్పాలని కాదు.

"నానూ అమ్మకి అదే సెప్పినానే. ఎక్కడా లేవే అమ్మా, అన్నీ పోనాయి అన్నాను. నవ్వింది." అది ఊపిరి పీల్చుకుంది. బస్సొచ్చింది, మూట ఎత్తుకుని పరిగెత్తింది. కిటికీలోంచి చెయ్యి ఊపింది. మళ్ళీ కలవలేదు.

పోయిన వారం ఆ పేజీ నా చేతిలో ఉండగా, మరిది మొదటి కంగారు తగ్గాక, ఫోటో కింద చదివి తనే ఒక దారి కనిపెట్టాడు. మంచివాడు, వాళ్ళ నాన్నలాగే.

"పేరు వెయ్యలేదనా నీ కోపం? న్యాయమే వదినా. నీకు తెలిస్తే చెప్పు, వాళ్ళకి మెయిల్ పెడతాను. మళ్ళీ అచ్చు వేసినప్పుడు పేరు వేస్తారు."

"పేరు వెయ్యమని ఆవిడ అడగలేదురా" అన్నాను. "తీసెయ్యమంది."

వాడికి ఆవిడ పేరు చెప్పలేదు, మీకూ చెప్పను. ఆ పుస్తకం ఎన్ని అచ్చేశారో నాకు తెలుసు, వెనక అట్ట మీద గొప్పగా రాసుకున్నారు. ఎక్కడెక్కడి ఎయిర్‌పోర్టుల్లోనో, ఎవరెవరి టీపాయిల మీదనో, వందేళ్ళు చెక్కుచెదరని కాగితం మీద ఆవిడ అలా నవ్వుతూనే ఉంటుంది. అవన్నీ ఎవరు తీస్తారు? విశాఖపట్నంలో మా మరిది ఇంట్లో మాత్రం ఇప్పుడు లేదు.